అత్తగారి ఎడమ పిక్క

చేతులమ్మ ఎవరి ఒంటి మీదైనా పని మొదలుపెట్టే ముందు చెయ్యి తిప్పి వెనకవైపు ఆనించి చూసేది. అరచేతులు ఏళ్ళ తరబడి నూనెలో నాని, ఒళ్ళు పిసికి పిసికి మొద్దుబారిపోయాయి. వాటికి వేడీ తెలీదు, చల్లనా తెలీదు. చేతి వెనక చర్మం అలా కాదు. చాడీలకోరు పక్కింటావిడలాగా, లోపల ఏం ఉడుకుతోందో ఇట్టే పట్టేస్తుంది.

కుడి భుజం మీద పెట్టిందంటే ఎడమ భుజం మీదా పెట్టాల్సిందే. కుడి పిక్క చూస్తే ఎడమ పిక్కా చూడాల్సిందే. జంటగా ఉన్నవాటిని జంటగానే చూడాలి, ఒక్కదాన్ని చూసి ఏమీ తేల్చకూడదు అని మర్దన గది నడిపే పెద్దామె నేర్పింది. దాంతోపాటు ఇంకో సంగతీ నేర్పింది.

"ఒక కాలు మామూలుగా ఉండి రెండోది లావెక్కి, వేడెక్కి, బిగుసుకుపోయి ఉందనుకో, ఆ కాలు మనది కాదే. డాక్టరుది. వేలు కూడా పెట్టకు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే, నువ్వు పిసికితే అది ఊడిపోయి పైకి పోతుంది, ఊపిరికి అడ్డం పడుతుంది. మనిషి అక్కడికక్కడే పోతుంది. ఆ తర్వాత నువ్వూ, నీ కర్మా, పోలీసులూ."

చేతులమ్మ చదువుకున్నది తక్కువే అయినా పెద్దామె చెప్పిన ఈ పాఠం మాత్రం కళ్ళు మూసుకుని ఒప్పజెప్పేది.

మర్దన గది బట్టలుతికే కొట్టు మీద ఉండేది. ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. కింద మిషన్లు తిరుగుతుంటే పైన నేల సన్నగా వణికేది. మన దగ్గరికొచ్చిన వాళ్ళలో సగం మందిని నిద్రపుచ్చేది ఆ మిషన్లే, డబ్బులు మాత్రం మనం తీసుకుంటాం అని పెద్దామె వేళాకోళం. లోపల మూడు ఎత్తు మంచాలు, మధ్యమధ్య తెరలు. బోర్లా పడుకున్నవాళ్ళకి ఊపిరాడేలా మంచానికి తల దగ్గర గుండ్రంగా కోసిన బెజ్జం. వేడినీళ్ళ గిన్నెలో మెడదాకా మునిగిన నూనె సీసాలు. అక్కడికొచ్చేది ఆడవాళ్ళే. వచ్చేటప్పుడు ఒక్కొక్కరూ ఒక్కో వంకరలో వచ్చేవాళ్ళు. వెళ్ళేటప్పుడు కాస్త సాపుగా వెళ్ళేవాళ్ళు.

మర్దన అంటే నవ్వేవాళ్ళున్నారు. దాన్ని మంత్రమనుకునేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ తెలివితక్కువవాళ్ళే. మర్దనతో షుగరు తగ్గదు, గుండె జబ్బు పోదు, పారిపోయిన మొగుడు తిరిగి రాడు. మరేమవుతుందయ్యా అంటే, బిగుసుకున్న మెడ వదులవుతుంది. మెడ వదిలితే తలనొప్పి కొంత దిగుతుంది. తలనొప్పి దిగితే ఆ రాత్రి కన్ను మూత పడుతుంది. నిద్రపట్టిన మనిషి పొద్దున్నే లేచి పిల్లల వీపు విమానం మోత మోగించదు. ఇవన్నీ చిన్న లాభాలా? బ్రెడ్డు కొట్టావిడ భుజం పట్టేసి చెయ్యి చెవి దాకా లేచేది కాదు. డాక్టరు చెప్పిన కసరత్తు ఇంట్లో, చేతులమ్మ మర్దన ఇక్కడ, రెండూ కలిసి ఆమె చేత మళ్ళీ జడ వేయించాయి. బడి పంతులమ్మ పళ్ళు కొరికి కొరికి దవడలు రాళ్ళలా చేసుకునేది. ఆ దవడల్ని వేళ్ళతో కరిగిస్తే ఆవులింతలు తీస్తూ మంచం దిగేది. ఇంకో ముసలావిడ ఉండేది. ఆమెకి ఏ రోగమూ లేదు. ఒంటి మీద ఇంకో మనిషి చెయ్యి పడి చాలా ఏళ్ళయింది, అంతే. వీపు మీద చెయ్యి వెయ్యగానే బెజ్జంలోంచి నేల మీదికి కన్నీళ్ళు టపటపా రాలేవి. చేతులమ్మ కాలితో గుడ్డ జరిపి తుడిచేది, పని ఆపకుండా.

అక్కడ ఆమెకి అంత గౌరవం. ఇంటికొచ్చిందా, ఆ గౌరవాన్ని చెప్పులతోపాటు గుమ్మం బయటే విడవాలి.

ఇంట్లో అత్త ఉండేది. మనిషి ఎండుకట్టె, నోరు కత్తెర. కోడలు ఈ పనిలో చేరిన రోజున ఇల్లు పీకి పందిరేసింది. "ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు పిసికిన చేతులతో నా గిన్నెలు ముట్టుకుంటావా?" అని. కానీ కొడుకు జీతం మూణ్ణాళ్ళ ముచ్చట. బస్సు డిపోలో టైర్లకి గాలి కొట్టే ఉద్యోగం అతనిది. అన్ని టైర్లకి గాలి కొట్టాడు గానీ తన గుండెల్లోకి మాత్రం ఒక్కసారీ కొట్టుకోలేకపోయాడు. తల్లి లేస్తే లేచేవాడు, కూర్చుంటే కూర్చునేవాడు. చేతులమ్మ సంపాదన మొదలయ్యాక పాలు చిక్కబడ్డాయి, కిటికీకి కొత్త అద్దం పడింది, అత్తకి కళ్ళజోడు వచ్చింది. అప్పుడు అత్త పనికి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

సాయంత్రం కోడలు ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కడుక్కుని అత్త ముందు నిలబడాలి.

"చేతులు చూపించు."

చూపించాలి. అత్త ఆ చేతుల్ని ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసేది. నూనె వాసన ఏమాత్రం తగిలినా, "ఎవత్తి వీపో ఇంకా నీ గోళ్ళల్లోనే ఉంది, పో" అని మళ్ళీ పంపేది. వాసన పోయాకే తన కాళ్ళు ముందుకు చాపేది. పొద్దంతా నిలబడి పనిచేసి వచ్చిన మనిషి నేలమీద కూర్చుని ఆ కాళ్ళు పట్టాలి. పాదాల నుంచి మొదలుపెట్టి, చీలమండ, పిక్క, మోకాలి చుట్టూ, మళ్ళీ కిందికి. పెళ్ళయిన ఏడాది నుంచి ఒక్క సాయంత్రం తప్పిందో లేదో.

ఆ కాళ్ళు అంత చక్కగా ఉన్నాయంటే ఊరికే ఉన్నాయా? ఆ వయసువాళ్ళు గోడ పట్టుకు నడుస్తుంటే అత్త వీధి చివరిదాకా వెళ్ళి తగువేసుకుని వచ్చేది. పడుకుంటే కొయ్యలా నిద్రపోయేది. పిక్కలు పట్టేయడం, అరికాళ్ళు మంటలు, అర్ధరాత్రి లేచి కూర్చోడం, ఇవేవీ ఎరగదు. పక్కింటావిడ ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది.

"మీ కోడలు కాళ్ళు పట్టడం వల్లేనా పెద్దమ్మా, ఇంత హుషారుగా ఉన్నావు?"

అత్త పెదవి విరిచింది. "దీని మొహం. ఇది పట్టడం ఏమిటి, గుడ్డలు పిండినట్టు పిండుతుంది. మా అమ్మాయి ఆదివారం వచ్చి ఓసారి చెయ్యేస్తే చాలు, వారమంతా కాళ్ళు గాల్లో తేలతాయి."

ఆ అమ్మాయి, అంటే చేతులమ్మ ఆడపడుచు, రెండు వీధుల అవతల కాపురం. సెంట్లూ పౌడర్లూ అమ్మే కొట్లో పనిచేసేది. ఆదివారం ఆదివారం వచ్చి, గోళ్ళ రంగు చెదరకుండా మునివేళ్ళతో తల్లి మోకాళ్ళ మీద నాలుగుసార్లు రాసి, "ఎలా ఉందమ్మా?" అనేది. "ప్రాణం లేచొచ్చిందే తల్లీ" అనేది అత్త. గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ చేతులమ్మ వినేది. రాళ్ళన్నీ ఏరేశాక కూడా ఇంకా ఏరుతూనే ఉండేది.

ఆమెకి పట్టు చీరలు అక్కర్లేదు. ఒకే ఒక్క మాట కావాలి. నీ చెయ్యి మంచిదే, నీ వల్లే నడుస్తున్నానే అని, నలుగురిలో కాదు, గదిలో అన్నా చాలు. ముష్టివాడికి గుప్పెడు గింజలు వేసినట్టు వేసినా తీసుకునేది. అత్త ఆ మాత్రం కూడా విదల్చలేదు.

అలాంటి అత్త స్నానాలగదిలో తడి నేల మీద జారి పడింది. ఎడమ చీలమండ ఎముక చిట్లింది. పిండికట్టు వేసి మంచానికి అప్పజెప్పారు. ఆ రోజుల్లో చేతులమ్మ పడిన చాకిరీ చెప్తే మీరు నమ్మరు. తుడవడం, మార్చడం, తినిపించడం, తినిపించిన దానికి తిట్లు తినడం. కట్టు తీసేసి, "ఇక లేచి ఇంట్లో అటూ ఇటూ నడవండి, పడుకుని ఉండకూడదు" అని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. అత్త నడిచిందా? మంచం మీంచి ఇంటిని ఏలడంలో ఉన్న రుచి మరిగింది. గ్లాసు అందుకోడానికి కూడా కేకే.

అలా ఉండగా ఒక పొద్దున అత్త మంచం మీంచి అరిచింది.

"ఏమే, ఎడమ కాలు లాగేస్తోంది. ఇటు రా, పట్టు."

చేతులమ్మ పనికి బయల్దేరబోతూ వచ్చి దుప్పటి తీసింది. అలవాటు ప్రకారం చెయ్యి తిప్పి వెనకవైపు కుడి పిక్క మీద ఆనించింది. చల్లగా, వదులుగా, ముసలి పిక్క ఎలా ఉండాలో అలా ఉంది. ఎడమ పిక్క మీద ఆనించింది. అంతే, చెయ్యి అక్కడే ఆగిపోయింది. పొయ్యి మీంచి దించిన పాలగిన్నె అంచులా ఉంది. చర్మం సాగి నిగనిగలాడుతోంది. రెండు పిక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి అత్తది, ఒకటి ఇంకెవరో లావుపాటి మనిషిది.

పెద్దామె పాఠం మనసులో తనంతట తనే మొదలైంది.

"అత్తయ్యా, ఈ కాలు నేను పట్టను. లోపల రక్తం గడ్డకట్టిందేమో. పిసికితే ప్రమాదం. ఆసుపత్రికి వెళ్దాం."

"ఏమన్నావు?"

"ఆసుపత్రికి వెళ్దాం అన్నాను."

అత్త మోచేతుల మీద లేచింది. "ఒరేయ్, విన్నావట్రా? నీ పెళ్ళాం డాక్టరైంది! బయటివాళ్ళ పిర్రలు పిసకడానికి లేని ప్రమాదం అత్త కాలు పట్టడానికి వచ్చిందిట. చెయ్యి చాపి డబ్బులు పెడితే గానీ దీని వేళ్ళు కదలవురా!"

చేతులమ్మ మొగుడు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. సగం మొహానికి నురగ. "పోనీ ఒక్కసారి అలా పట్టేసి వెళ్ళరాదుటే, అమ్మ అడుగుతోంది కదా" అన్నాడు అద్దంతో.

"పట్టకూడదండీ. నేను చెప్పాను."

"చూశావా, చూశావా దాని పొగరు! నా తిండి తిని, నా ఇంట్లో పడుకుని... నువ్వేం పట్టక్కర్లేదులే. ఆ దరిద్రపు చేతులు నా ఒంటి మీద పడకపోతే నాకే మంచిది. ఒరేయ్, చెల్లెలికి ఫోను కొట్టు. నా పిల్ల వచ్చి పడుతుంది."

చేతులమ్మ అక్కడే నిలబడింది. ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. చచ్చిపోతారు అత్తయ్యా, అన్న మాట. ఆ ఒక్క మాట అంటే మొగుడు సగం గీసిన గడ్డంతోనే బండి కోసం వీధిలోకి పరిగెత్తేవాడు. ప్రమాదం అంటే ఆ ఇంట్లో ఎవరూ కదలరు. తడిచేత్తో స్విచ్చి వేయడం ప్రమాదం, గ్యాసు తెరిచి మర్చిపోవడం ప్రమాదం, అవన్నీ రోజూ వినేవే. చచ్చిపోతారు అనాలి. ఆ సంగతి చేతులమ్మకి తెలుసు. నాలుక చివర ఉన్న ఆ మాటని, నోట్లో పడ్డ వెంట్రుకని తీసినట్టు జాగ్రత్తగా వెనక్కి తీసుకుంది. మింగింది.

ఆడపడుచు రానే వచ్చింది. చేతిలో కొట్టు నుంచి తెచ్చిన సువాసన నూనె, నీలం మూత సీసా. చేతులమ్మ గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.

"ఏంటి వదినా, అమ్మ కాలు పట్టనన్నావుట?"

"ఆ కాలు ముట్టుకోవద్దని చెప్పాను. నువ్వూ ముట్టుకోకు."

"నేను పడితే అమ్మకి హాయిగా ఉంటుందని నీకు మొదట్నుంచీ కడుపుమంట" అని నవ్వింది ఆడపడుచు. నవ్వుతూనే దుప్పటి తీసి, నూనె ఒంపి, ఈసారి మునివేళ్ళతో కాదు, వదినకి చూపించాలని రెండు బొటనవేళ్ళూ గుచ్చి కింది నుంచి పైకి, పిక్క మీదుగా మోకాలి సందులోకి ఒక్క తోపు తోసింది.

చేతులమ్మ గుమ్మంలోంచి ఆ తోపు చూసింది. చెప్పు పట్టీ సరిచేసుకుని మెట్లు దిగింది.

పనిలో ఆ పూట బ్రెడ్డు కొట్టావిడ వచ్చి బోర్లా పడుకుంది. చేతులమ్మ భుజాల మీద చెయ్యి వేసింది గానీ వేళ్ళు పనిచేస్తున్నాయి, మనసు లేదు. "ఏమైందే ఇవాళ, దువ్వుతున్నావేంటి నన్ను, పిల్లిని దువ్వినట్టు?" అంది బ్రెడ్డు కొట్టావిడ బెజ్జంలోంచి. తెర అవతల దుప్పట్లు మడతపెడుతున్న పెద్దామె విని ఇటు వచ్చింది. చేతులమ్మని పక్కకి పిలిచింది. సంగతి విన్నది.

"చెప్పావా వాళ్ళకి?"

"చెప్పాను."

"చచ్చిపోతుందని చెప్పావా?"

చేతులమ్మ నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంది.

పెద్దామె చేతిలో దుప్పటి పక్కన పడేసింది. గోడకున్న ఫోను తీసి చేతిలో పెట్టింది.

అవతల ఆడపడుచు ఎత్తింది. "ఆ వదినా, అమ్మకి నొప్పి చాలావరకు తగ్గింది. ఇదుగో, తనే మాట్లాడుతుందిట." గరగరమని చప్పుడు, తర్వాత అత్త గొంతు. ఆ గొంతులో అంత సంబరం చేతులమ్మ ఎప్పుడూ వినలేదు.

"ఏమే, వింటున్నావా? హాయిగా ఉందే. నా పిల్ల అలా రెండుసార్లు తోసేసరికి కాలు తేలికైపోయింది. ఇన్నేళ్ళు పట్టావే, ఒక్క పూటైనా ఇలాంటి హాయి నీ చేతుల్లో ఎరగను. ఇవాళ లేచి నడుస్తాను, చూస్తూండు. పక్కింటిదాకా వెళ్ళొస్తాను."

ఇన్నేళ్ళు. ఒక్క పూటైనా.

ఇప్పుడు చెప్పాలి. లేవొద్దు అత్తయ్యా, కదలొద్దు, చచ్చిపోతారు అని. ఫోను చెవి దగ్గరుంది, నోరు ఫోను దగ్గరుంది, ఎదురుగా పెద్దామె కళ్ళు రెండూ తన మొహం మీదున్నాయి.

"సంతోషం అత్తయ్యా" అంది చేతులమ్మ. ఫోను పెట్టేసింది.

పెద్దామె ఆమెని కాసేపు చూసి, "వెళ్ళు, ఆవిడ భుజం చల్లారిపోతోంది" అంది. ఆ తర్వాత బ్రెడ్డు కొట్టావిడకి జరిగిన మర్దన లాంటిది తన జన్మలో జరగలేదుట. ఎముక ఎముకా విడదీసి కడిగి మళ్ళీ అమర్చినట్టుందని నెలల తరబడి చెప్పుకుంది.

మధ్యాహ్నం దాటాక అత్త నిజంగానే లేచింది. కూతురి భుజం పట్టుకుని గుమ్మం దాటి పక్కింటి మెట్టుదాకా నడిచింది. "చూశావా, నా కూతురి చెయ్యి" అని పక్కింటావిడకి చెప్పబోయి, చెయ్యి అన్న మాట దగ్గర ఆగింది. గుండె పట్టుకుంది. గాలి కోసం నోరు తెరిచింది. అంత మాటకారి నోరు, తెరిచి ఉండిపోయింది, అంతే.

చేతులమ్మ ఆసుపత్రికి వెళ్ళేసరికి అన్నీ అయిపోయాయి. వసారాలో బల్ల మీద మొగుడు, గోడకి తల ఆనించి ఆడపడుచు. డాక్టరమ్మ చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది. మెల్లగా చెప్పింది. కాలిలో రక్తం గడ్డకట్టింది, అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఎక్కువ రోజులు కదలకుండా పడుకున్నవాళ్ళకి అలా అవుతుంది.

"ఇవాళ ఎవరైనా ఆ కాలు పిసికారా? మర్దనలాంటిది ఏమైనా?"

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటున్న చేతుల్ని చప్పున చీర కొంగులోకి దాచుకుంది. అక్కడి మందుల వాసనలోంచి కూడా ఆ సువాసన నూనె గుప్పుమంటూనే ఉంది.

"మా వదినది అదే పనండీ" అంది. "రోజూ అమ్మ కాళ్ళు ఆవిడే పట్టేది."

అందులో అబద్ధం ఏముంది? ఒక్క ముక్క లేదు. డాక్టరమ్మ చేతులమ్మ వైపు తిరిగింది. చేతులమ్మ మొగుడి వైపు తిరిగింది. మొగుడు తన చెప్పుల వైపు తిరిగాడు.

"పిసక్కపోయినా ఊడిపోవచ్చు, దాని వల్లే అని నేను అనను" అంది డాక్టరమ్మ. "కానీ ఇలాంటి కాలు ఇంకెప్పుడూ ముట్టుకోకండి. మీ పనిలో ఇది తెలిసి ఉండాలి."

"తెలుసండీ" అంది చేతులమ్మ.

ఆడపడుచు చేతులు పట్టి బయటికి లాగి డాక్టరమ్మ ముక్కు కింద పెట్టొచ్చు. వాసన చూడమనొచ్చు. అనలేదు. మంచితనం అనుకునేరు. చేతులమ్మకి అంత మంచితనం ఎప్పుడూ లేదు. ఒకటి, ఫోనులో తను అన్న "సంతోషం అత్తయ్యా" చెవుల్లో ఇంకా మోగుతోంది. రెండు, కొంగులో ముడుచుకున్న ఆ చేతుల్ని చూసింది. ఇప్పుడు బయటపెడితే ఇవాళ్టితో అయిపోతుంది. దాచి ఉంచితే చాలాకాలం వస్తుంది.

వీధి వీధంతా చేతులమ్మే అత్తని పిసికి చంపిందని చెప్పుకుంది. కొందరు రావడం మానేశారు. పంతులమ్మ దవడలు మళ్ళీ రాళ్ళు చేసుకుంది గానీ మెట్లెక్కలేదు. బ్రెడ్డు కొట్టావిడ మాత్రం వచ్చి బోర్లా పడుకుని, "నువ్వు మీ అత్తని చంపావో, బతికించి పెట్టావో నాకెందుకే. నా భుజం మాత్రం ఆదివారం నుంచి లేవడం లేదు, ముందు దాని సంగతి చూడు" అంది. మొగుడు ఒక రోజు అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ, "నువ్వు ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు.

"మీ చెవుల్లో నురగ ఉందనుకోలేదు" అంది చేతులమ్మ. మళ్ళీ ఆ ప్రసక్తి తేలేదు అతను.

సాయంత్రాలు ఇంటికొచ్చాక ఆమె అప్పటికీ చేతులు సబ్బుతో కడుక్కునేది. కడుక్కుని, చాపిన కాళ్ళు లేని మంచం ముందు ఒక్క క్షణం నిలబడేది. అలవాటు.

ఏడాది గడిచాక ఒకరోజు మర్దన గది మెట్ల మీద ఆడపడుచు కనిపించింది. పట్టుమని నాలుగు మెట్లెక్కి ఆయాసపడుతోంది. కళ్ళ కింద మసి పూసినట్టు నలుపు. భుజాలు చెవులదాకా లేచి అక్కడే గడ్డకట్టుకుపోయాయి. నిద్ర లేదు. మాత్రలు వేసుకుంటే పొద్దున తల దిమ్ము, వేసుకోకపోతే తెల్లార్లూ పైకప్పు చూడ్డం. ఒంట్లో ఇంకే జబ్బూ లేదు, కండరాలు బిగుసుకుపోయాయి, మంచి చెయ్యి చూసి మర్దన చేయించుకో అన్నాడుట డాక్టరు. సెంటు కొట్లో మానేసింది. ఊళ్ళో ఇంకో రెండు చోట్ల చేయించుకుంది, గుణం కనపడలేదు. అందరూ ఒక్కరి పేరే చెప్పారుట.

"వదినా" అంది.

చేతులమ్మ లోపలికి రమ్మని తల ఊపింది. మంచం మీద శుభ్రమైన దుప్పటి పరిచింది. ఆడపడుచు పడుకోబోతుంటే ఆపింది.

"చేతులు చూపించు."

ఆడపడుచు బిత్తరపోయి చూసింది. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ రెండు మాటలూ ఎన్ని సాయంత్రాలు విన్నదో. మెల్లగా చాపింది. గోళ్ళకి రంగు లేదు. చేతులమ్మ ఆ చేతుల్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, తీరిగ్గా, ఒకటి తర్వాత ఒకటి వాసన చూసింది.

"ఇంకా పోలేదు" అంది. "పడుకో."

ఏ వాసనా లేదు ఆ చేతులకి. వట్టి సబ్బు.

కానీ పనిలో చేతులమ్మ మోసం చెయ్యదు, అది ఆమెకి చేతకాదు. చెయ్యి తిప్పి రెండు భుజాల మీదా వెనకవైపు ఆనించింది, మెడకి ఇరువైపులా చూసింది. నూనె గోరువెచ్చగా ఒంపి, భుజం రెక్కల కింద నుంచి మొదలుపెట్టింది. ముడులు పడ్డ చోట ఆగి, ఊపిరి వదిలేదాకా బొటనవేలు అక్కడే ఉంచి, వదిలాక ముందుకి జరిగింది. తల వెనక గుంటల్లో వేళ్ళు పెట్టి బరువంతా తన చేతుల్లోకి తీసుకుంది. కింద మిషన్లు తిరుగుతున్నాయి. కాసేపటికి ఆ ఒళ్ళు కరిగింది. భుజాలు చెవుల్ని వదిలి కిందికి దిగాయి. బెజ్జంలోంచి గురక మొదలైంది, తల్లి గురకే, అచ్చం.

లేచాక ఆడపడుచు మంచం అంచున కూర్చుని మొహం తుడుచుకుంది. మనిషికి రంగొచ్చింది.

"వదినా, ఒక్కటి అడుగుతాను. డాక్టరమ్మ అంది కదా, పిసక్కపోయినా ఊడేదేమోనని. నీకు పని తెలుసు. నువ్వు ఒక్కసారి చెప్పు. నా చేతుల వల్ల కాదని చెప్పు, చాలు. నా అంతట నేను పడుకుంటాను."

చేతులమ్మ నూనె సీసా మూత బిగించింది. వేడినీళ్ళ గిన్నెలో దాన్ని సరిగ్గా నిలబెట్టింది.

"వచ్చే వారం ఇదే వేళకి రా" అంది. "నిద్ర రెండు మూడు రోజులు పడుతుంది. మళ్ళీ బిగుసుకుంటావు."

ఆడపడుచు గోడ పట్టుకుని మెట్లు దిగింది. ఆ వచ్చే వారం వచ్చింది. ఆపై వారమూ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చేతులు చూపించింది, నిద్రపోయింది, లేచి అదే అడిగింది.

ఒకరోజు ఆమె వెళ్ళిపోయాక పెద్దామె తెర పక్కకి తీసింది.

"ఆ ఒక్క మాటా చెప్పేయరాదుటే. పాపం, తగ్గుతుంది కదా."

"చెప్తే మళ్ళీ రాదు" అంది చేతులమ్మ. దుప్పటి మార్చి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచింది.